ఆర్వీ-7 రెక్కలు గరాజ్‌లో కట్టడం: దిద్దుకోగలిగే తప్పులు, దిద్దుకోలేనివి

మీరు అడిగింది ఇది: డాలస్ దగ్గర ఇల్లు, రెండు కార్లు పట్టే గరాజ్. కిట్‌తో ఇంట్లోనే కట్టుకునే చిన్న విమానం ఆర్వీ-7. దాని తోక భాగం పూర్తయింది, రెక్కల కిట్ పెట్టెలు ఇంటికి చేరాయి. పని ఎక్కువగా వారాంతాల్లో, ఒంటరిగా. ఏ వరుసలో సాగాలి, చెడిన రివెట్లను (రేకులను కలిపి బిగించే చిన్న లోహపు మేకులను) ఏం చేయాలి, ఇంధన ట్యాంకులు కారకుండా ఎలా కట్టాలి?

మీ ప్రశ్నలో ఎక్కువ భయం రివెట్ల మీదే కనిపిస్తోంది. దానికి భయపడక్కర్లేదు. చెడిన రివెట్ ఐదు నిమిషాల్లో బయటికొస్తుంది. రెక్కలో నిజంగా దిద్దుకోలేనివి నాలుగే: రెక్కలో పడిన మెలిక, అంచుకు మరీ దగ్గరగా పడిన బెజ్జం, సరిగ్గా శుభ్రం చేయకుండా సీలెంట్ (అతుకులు కారకుండా మూసే జిగురు) పూసి మూసేసిన ట్యాంకు, లోపలి పని మిగిలి ఉండగా మూసేసిన కింది రేకు. ఈ నాలుగు చోట్లా ఆగండి, కొలవండి, ఇంకొకరికి చూపించండి. మిగతా చోట్ల చెయ్యి ధైర్యంగా సాగనివ్వండి.

పని మొదలుపెట్టే ముందు కిట్ సంగతి. కొత్తగా ఒరెగాన్‌లోని కిట్ తయారీ కంపెనీ వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ నుంచే తెప్పించారా, సగంలో ఆపేసిన వాళ్ల దగ్గర కొన్నారా అన్నది మీరు రాయలేదు. రెండోదైతే, అది 2022, 2023 కాలపు కిట్ అయితే, ఒక్క బెజ్జానికి కూడా డింపుల్ (రివెట్ తల కూర్చునేలా బెజ్జం చుట్టూ నొక్కే గుంట) కొట్టకముందే భాగాల నంబర్లు సరిచూసుకోండి. ఆ రోజుల్లో కొన్ని భాగాల బెజ్జాలను లేజర్‌తో కోశారు. వాటిలో కొన్నింటికి డింపుల్ కొట్టినప్పుడు బెజ్జం అంచున పగుళ్లు కనిపించాయి. కంపెనీ ఆ భాగాల జాబితా ప్రకటించింది, చాలావాటిని మార్చి ఇచ్చింది. 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్లడానికి ఇదీ ఒక కారణం. మీ పెట్టెలో ఉన్న భాగాలు ఆ జాబితాలో ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

రెండు కార్ల గరాజ్ సరిపోతుంది. రెక్కల కొస నుంచి కొసకు 25 అడుగులు, అంటే ఒక్కో రెక్క రమారమి 12 అడుగులు. నేల నుంచి పైకప్పు దూలం దాకా రెండు 4×4 కర్ర స్తంభాలు నిలబెట్టి, వాటికి ఇటొక రెక్క, అటొక రెక్క బిగించుకోవచ్చు. మధ్యలో మనిషి చెయ్యి దూరేంత ఖాళీ ఉండాలి. రేకులు తొడగని రెక్క అస్థిపంజరం స్తంభాలెక్కాక రసమట్టంతో ప్రధాన స్పార్‌ను (రెక్క పొడవునా సాగే దూలాన్ని) సరిచేయండి. స్పార్ వెంట సన్నదారం లాగి కట్టి, మధ్యలో కుంగిందేమో చూడండి. కుంగితే కింద నుంచి సర్దుబాటు చేసుకునే ఒక ఊతం పెట్టండి.

వరుస ఇలా పెట్టుకోండి: ప్రధాన స్పార్ సిద్ధం చేయడం, వెనక స్పార్, రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముకలు), అస్థిపంజరం, బయటివైపు ముందంచు, ట్యాంకులు, పై రేకులు, ఆ తర్వాత రెక్క వెనకంచున కదిలే పలకలైన ఐలరాన్లు, ఫ్లాపులు, అన్నిటికన్నా చివర కింది రేకులు. ప్రధాన స్పార్ బంగారు రంగు ఆనోడైజింగ్‌తో (తుప్పు పట్టకుండా కాపాడే పొరతో) కట్టి వస్తుంది కాబట్టి దానిలో కష్టమైన పని మీకు మిగల్లేదు. మిగిలింది ట్యాంకు స్క్రూల కోసం నట్‌ప్లేట్లు (లోహానికి రివెట్ చేసి ఉంచే నట్లు) బిగించి, అంచుపట్టీకి కౌంటర్‌సింక్ (తల మునిగేలా చెక్కే గరాటు ఆకారపు గుంట) తీయడం. ముందు నట్‌ప్లేట్ రివెట్ చేయండి, తర్వాతే 8 నంబరు స్క్రూ బెజ్జానికి కౌంటర్‌సింక్ తీయండి. నట్‌ప్లేట్ పళ్లు కౌంటర్‌సింక్ మొనకు దారి చూపిస్తాయి. లేకపోతే బెజ్జం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. లోతు కొలవడానికి స్క్రూ తల పెట్టి చూడకండి. అక్కడ చివరికి కూర్చునేది ట్యాంకు రేకు డింపుల్. అందుకే 0.032 అంగుళం మందం ఉన్న పాత ముక్కకు 8 నంబరు డింపుల్ కొట్టి, దాన్ని పెట్టి చూడండి. ముక్క ఊగకుండా స్పార్ మీద చదునుగా కూర్చోవాలి. కౌంటర్‌సింక్ తీసినచోట ఆనోడైజింగ్ పోతుంది కాబట్టి అక్కడ ప్రైమర్ అద్దడం మరిచిపోవద్దు.

రిబ్బుల పని విసుగు పుట్టిస్తుంది, కానీ రెక్క నునుపు ఇక్కడే తేలుతుంది. అచ్చులోంచి వచ్చిన రిబ్బు అంచులు 90 డిగ్రీలకు ఉండవు. పైగా వంపు వల్ల రిబ్బు మొత్తం అరటికాయలా వంగి ఉంటుంది. మూలమట్టం పెట్టి అంచులను నిటారు చేయండి. తర్వాత ఫ్లూటింగ్ ప్లయర్‌తో రెండు బెజ్జాల నడుమ అంచును లోపలివైపు కొద్దిగా నొక్కండి. చదును బల్ల మీద పెడితే రిబ్బు అంతటా ఆనాలి, బెజ్జాల వరుస తిన్నగా రావాలి. ఈ పని సగంలో వదిలేస్తే, రేకు తొడిగాక ప్రతి రిబ్బు దగ్గరా చిన్న అల కనిపిస్తుంది. రంగు వేశాక ఆ అల ఇంకా బాగా కనిపిస్తుంది. ఎడమ రెక్క, కుడి రెక్క రిబ్బులను రెండు కుప్పలుగా పెట్టి ఒక్కోదాని మీద సిరా పెన్నుతో రాసుకోండి. అంచు ఎటు తిరిగి ఉండాలన్నది చోటును బట్టి మారుతుంది. రెండు ఎడమ రెక్కలు తయారయ్యేది ఈ దశలోనే.

ఇప్పుడు బెజ్జాలు, రివెట్లు. మీ కిట్‌లో ఎక్కువగా కనిపించేవి రెండే రకాలు. బయటి రేకులకు చదును తల ఉన్న ఏఎన్426ఏడీ3, అంటే 3/32 అంగుళం. దానికి 40 నంబరు డ్రిల్. లోపల రిబ్బులను స్పార్లకు బిగించడానికి గుండ్రటి తల ఉన్న ఏఎన్470ఏడీ4, అంటే 1/8 అంగుళం. దానికి 30 నంబరు డ్రిల్. రేకులను తాత్కాలికంగా కలిపి పట్టే క్లికోల్లో వెండి రంగువి మొదటిదానికి, రాగి రంగువి రెండోదానికి. రివెట్ పేరు చివరి అంకె పొడవును అంగుళంలో పదహారో వంతుల్లో చెబుతుంది. ఎంత పొడవు కావాలో తేల్చడానికి రేకుల మొత్తం మందానికి రివెట్ వ్యాసంలో ఒకటిన్నర రెట్లు కలపండి. 0.032 రేకులు రెండైతే 0.064, దానికి 0.141 కలిపితే 0.205 అంగుళం. కాబట్టి 3.5 పొడవుది తీసుకోవాలి. కొట్టిన తర్వాత అవతలివైపు ఏర్పడే తల (అవతలి తల) వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. ఏడీ4 అయితే వెడల్పు సుమారు 3/16, ఎత్తు 1/16. దీనికి రేకు ముక్కతో చేసిన చిన్న కొలతబిళ్ల దొరుకుతుంది, జేబులోనే ఉంచుకోండి.

బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకు కనీసం వ్యాసానికి రెండింతలు దూరం ఉండాలి. 3/32కి 3/16 అంగుళం, 1/8కి పావు అంగుళం. ఇంతకన్నా తగ్గితే ఆ అంచు చిరిగే చోటు అవుతుంది. రిబ్బు మీద, స్పార్ అంచు మీద బెజ్జాల వరుస గీతను పెన్నుతో గీసుకుంటే, రేకు బెజ్జంలోంచి చూసినప్పుడు గీత మధ్యలో కనిపించాలి. కనిపించకపోతే రిబ్బును ఇంకాస్త నొక్కండి, డ్రిల్‌ను వాల్చి సర్దకండి.

డ్రిల్, బర్ (బెజ్జం అంచున మిగిలే గరుకు) తీయడం, డింపుల్: ఎప్పుడూ ఈ వరుసలోనే. బర్ తీయకుండా డింపుల్ కొడితే బెజ్జం అంచున వెంట్రుకంత పగుళ్లు మొదలవుతాయి. అలాగని బర్ తీసే పనిముట్టును పదిసార్లు తిప్పితే సన్న రేకు కత్తి అంచులా తయారవుతుంది. తేలికచేత్తో రెండు మూడు తిప్పులు చాలు. రెక్కల రేకులన్నీ డింపుల్ కొట్టదగినవే. కౌంటర్‌సింక్‌ను 0.040, అంతకన్నా మందమైన చోట్లకే ఉంచుకోండి. సుత్తితో కొట్టి డింపుల్ చేసే సీ-ఫ్రేమ్ వాడితే, మగ డై (మొన ఉన్న అచ్చు) మొన బెజ్జంలోకి దిగిందని వేలితో తడిమి నిర్ధారించుకున్నాకే దెబ్బ వేయండి. ఒక్క దెబ్బ తప్పితే రెక్క పైరేకు మధ్యలో కొత్త బెజ్జం పడుతుంది, దాన్ని దిద్దడం పెద్ద తలనొప్పి. అంత పెద్ద రేకులకు లీవర్‌తో నొక్కే డింపుల్ యంత్రం అద్దెకైనా తెచ్చుకోమంటాను. చప్పుడు ఉండదు, ఇరుగుపొరుగు నిద్రపోతున్నా రాత్రి పని సాగుతుంది.

నీలం ప్లాస్టిక్ పొరను రివెట్ వరుసల దగ్గర మాత్రమే తీయండి. మొన గుండ్రంగా చేసిన సోల్డరింగ్ ఐరన్‌ను స్కేలు పక్కన నడిపిస్తే పట్టీలా ఊడి వస్తుంది. కత్తితో కోయకండి, కింద అల్యూమినియం మీద గీత పడుతుంది, పగులు ఆ గీత వెంటే నడుస్తుంది. లోపలివైపు పొరను మాత్రం పూర్తిగా తీసేయాలి. నెలల తరబడి వదిలేస్తే అతుక్కుపోయి, దాని కింద తుప్పు మొదలవుతుంది.

రిబ్బులను స్పార్‌కు బిగించేటప్పుడు ఒక చిక్కుంది. తయారీ తల, అంటే రివెట్‌కు ముందే ఉన్న తల, సన్నటి రేకువైపు ఉండాలి, అంటే రిబ్బు అంచువైపు. కానీ రివెట్ గన్ తిన్నగా పెట్టడానికి రిబ్బు గోడ అడ్డొస్తుంది. గన్ వాలితే తల పక్కన నెలవంక ఆకారంలో గాటు పడుతుంది. డబుల్-ఆఫ్‌సెట్ రివెట్ సెట్ వాడితే సగం బాధ తీరుతుంది. లేదంటే పొడవాటి సెట్ పెట్టి, రిబ్బు గోడను చేత్తో కొద్దిగా పక్కకు నెట్టి పట్టండి, దెబ్బ అయ్యాక అదే వెనక్కి వస్తుంది. 3ఎక్స్ గన్‌కు ఏడీ3 రివెట్ల మీద గాలి పీడనం 35 నుంచి 40 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దగ్గర మొదలుపెట్టి, పాత ముక్కల మీద సరిచూసుకోండి. రివెట్ రెండు మూడు సెకన్లలో కూర్చోవాలి. ఎక్కువసేపు టకటకలాడిస్తే అది గట్టిపడి, అవతలి తల పగుళ్లు చూపిస్తుంది. రివెట్‌కు అవతలివైపు ఆనించి చేతిలో పట్టుకునే లోహపు దిమ్మ, అంటే బకింగ్ బార్ విషయంలో పొదుపు వద్దు. టంగ్‌స్టన్‌ది చిన్నగా ఉండి బరువుగా ఉంటుంది, ఇరుకుల్లో దానికి సాటి లేదు.

చెడిన రివెట్‌ను తీయడం: చదును తల మధ్యలో చిన్న గుర్తు కొట్టి, 40 నంబరు డ్రిల్‌తో తల లోతు వరకే తొలవండి. సరిపోయే పంచ్ దూర్చి అటూ ఇటూ కదిలిస్తే తల ఊడుతుంది. అవతలివైపు బకింగ్ బార్ ఆనించి మిగిలిన కాడను మెల్లగా కొట్టండి. బెజ్జం పెద్దదైతే దాచిపెట్టి 3/32 రివెట్‌నే కుక్కకండి. ఎన్‌ఏఎస్1097ఏడీ4 అనే రివెట్ ఉంది. కాడ 1/8, కానీ తల చిన్నది, మామూలు ఏడీ3 డింపుల్‌లో దాదాపు సరిపోతుంది. వంద తెచ్చి డబ్బాలో ఉంచుకోండి. ఒక మాట: కొద్దిగా వంకరగా కూర్చున్న రివెట్‌ను తీయబోయి మంచి బెజ్జాన్ని పాడుచేసేవాళ్లే ఎక్కువ. అనుమానంగా ఉన్న రివెట్‌ను మర్నాటికి వదిలేసి, కొలతబిళ్లతో చూసి నిర్ణయించండి.

పై రేకులకు రివెట్ కొట్టకముందు మెలిక చూడాలి. ఆర్వీ-7 రెక్క మొదలు నుంచి చివర దాకా ఒకే వెడల్పు, ఒకే వంపు, ఎక్కడా ఉద్దేశపూర్వకమైన మెలిక లేదు. అందువల్ల పరీక్ష తేలిక. ముందంచు పైకి ఉండేలా రెక్క స్తంభాలకు ఉన్నప్పుడు, ప్రధాన స్పార్ నుంచి మేస్త్రీలు వాడే దారం-గుండు వేలాడదీయండి. దారం నుంచి వెనక స్పార్‌కు దూరం మొదట్లో, మధ్యలో, చివర ఒకేలా రావాలి. గరాజ్ తలుపులు, ఫ్యాన్ ఆపి కొలవండి. తేడా ఉంటే స్తంభం దగ్గర సర్దండి. రేకులు క్లికోలతో నిండుగా బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే రేకు బిగిశాక రెక్క ఆ ఆకారంలోనే స్థిరపడుతుంది. మెలికతో రివెట్ అయిన రెక్కతో విమానం ఎగిరినంతకాలం ఒకవైపుకు ఒరుగుతుంది. దాన్ని ఐలరాన్‌తో కప్పిపెట్టగలరు గానీ తీసేయలేరు.

ఇక ట్యాంకులు. ఒక్కోటి 21 గ్యాలన్లు. ట్యాంకు కారడానికి కారణం దాదాపు ఎప్పుడూ సీలెంట్ తక్కువ కావడం కాదు, కింద లోహం శుభ్రంగా లేకపోవడం. సీలెంట్ తాకే ప్రతి చోటా మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్‌తో మెరుపు పోయేదాకా రుద్దండి. తర్వాత ఎంఈకే అనే ద్రావకంతో లేదా అసిటోన్‌తో తుడవండి. గుడ్డ మీద నలుపు రాకుండా పోయేదాకా, ప్రతిసారీ కొత్త గుడ్డతో. తుడిచిన చోటును చేతివేళ్లతో తాకకండి, గ్లవ్స్ మార్చుకుంటూ ఉండండి. గరాజ్ తలుపు తెరిచి, మంచి రెస్పిరేటర్ పెట్టుకోండి.

సీలెంట్ పాలీసల్ఫైడ్ రకం, తెల్లటి మూలపదార్థానికి నల్లటి యాక్సిలరేటర్ కలపాలి. బరువులో పదికి ఒకటి. కళ్లతో అంచనా వేయకండి, గ్రాముల తక్కెడ పెట్టండి: 50 గ్రాములకు 5 గ్రాములు. తెల్ల చారలు ఒక్కటీ కనిపించనంతవరకు కలపండి. బీ-2 అని రాసి ఉంటే 77 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రెండు గంటలు పనిచేసే సమయం. ప్రతి 10 డిగ్రీలు పెరిగితే అది సగమవుతుంది. మీ డాలస్‌లో ఆగస్టు మధ్యాహ్నం గరాజ్ 97 దగ్గర ఉంటే మీకు దక్కేది అరగంట. అందుకే ట్యాంకు పని అక్టోబరు తర్వాత పెట్టుకోండి, లేదా తెల్లవారుజామున చేయండి. ఒక్కసారికి 50 గ్రాములకు మించి కలపకండి.

రేకుకు, రిబ్బుకు మధ్య సన్న పొర పూసి, క్లికోలు బిగించి, సీలెంట్ తడిగా ఉండగానే రివెట్లు కొట్టాలి. ప్రతి రివెట్ కాడకు కూడా కొద్దిగా అద్దండి. లోపల ప్రతి అవతలి తల మీదా చిన్న గోపురంలా కప్పండి, రిబ్బు అంచు వెంట గట్టులా లాగండి. ఐస్‌క్రీం పుల్లతో నున్నగా దిద్దితే చాలు. లోపలి పూతను ఇంధనం తాకుతుంది కాబట్టి, ఈ దిద్దడం అందం కోసం కాదు, గాలి బుడగలు లేకపోవడం కోసం. ఎక్కువమందికి కారేది వెనక గోడ, అంటే బాఫిల్, చివరి రిబ్బులను కలిసే నాలుగు మూలల్లో. అక్కడ లోపల పూయడానికి తర్వాత చెయ్యి దూరదు. బాఫిల్ పెట్టే ముందే ఆ మూలల్లో ఒక ఉండ పెట్టి, బాఫిల్‌ను దాని మీదికి తిన్నగా నెట్టండి. పక్కకు జరిపితే సీలెంట్ చెదిరిపోతుంది. బాఫిల్ మూయకముందు ఇంధనం తీసే గొట్టం నట్ బిగుతు, వదులవకుండా కట్టిన సేఫ్టీ వైరు, ట్యాంకులోకి గాలి ఆడనిచ్చే వెంట్ గొట్టం, ఇంధన మట్టం చూపే సెండర్ నిరోధం మీటరుతో: ఇవన్నీ చూసి ఫోటో తీసుకోండి. ఆ నట్ వదులై గాలి పీల్చితే ట్యాంకులో ఇంధనం ఉండగానే ఇంజన్ ఆగుతుంది.

పాత పుస్తకాల్లో ట్యాంకు లోపలంతా పొరలా అంటుకునే స్లోషింగ్ ద్రవం పోసి తిప్పమని ఉంటుంది. చేయకండి. ఏళ్లు గడిచాక అది పొరలుగా ఊడి ఫిల్టర్లను మూసేసిన సందర్భాలున్నాయి.

కారుతోందో లేదో చూడటానికి కనీసం వారం ఆగండి. వెంట్ గొట్టానికి బెలూన్ తొడిగి, డ్రెయిన్ దగ్గర నుంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి నింపండి. ఒక పీఎస్‌ఐ దాటకూడదు. పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి యూ ఆకారంలో పెడితే, రెండువైపులా నీటి మట్టాల తేడా 27 అంగుళాలైతే ఒక పీఎస్‌ఐకి దగ్గరికి వచ్చినట్టే. కంప్రెసర్‌ను నేరుగా తగిలించారంటే ట్యాంకు ఉబ్బి రివెట్లు లాగేస్తుంది. తర్వాత సబ్బునీళ్లు. బెలూన్ ఒక రాత్రిలో వాలిపోయిందని గాబరా పడకండి. చల్లబడినా, వాతావరణ పీడనం మారినా అలాగే వాలుతుంది, మూత రింగు వదులైనా అంతే. బుడగ కనిపించిన చోటునే నమ్మండి. ఎగిరే రోజుల్లో ఒక్క రివెట్ చుట్టూ నీలి మరక కనిపిస్తే, అది 100ఎల్‌ఎల్ ఇంధనం రంగు. అలాంటి ఒంటరి చెమ్మకు, ట్యాంకు ఖాళీ చేసి లోపల కొద్దిగా వాక్యూమ్ పెట్టి, బయట నుంచి లాక్‌టైట్ 290 చుక్క లోపలికి పీల్చనిచ్చే పద్ధతి పనిచేస్తుంది.

కింది రేకు మూసేముందు మీ దగ్గర్లోని ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టేవాళ్ల సంఘం) శాఖ నుంచి టెక్నికల్ కౌన్సెలర్‌ను పిలవండి. ఆయన రావడానికి డబ్బులేమీ అడగరు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధన ప్రకారం సగానికి మించిన పని మీరే చేశారని చూపించాలి కాబట్టి, తేదీలతో ఫోటోలు, లాగ్ పుస్తకం ఇక్కడే పనికొస్తాయి. ఆయన వచ్చేలోపు మీరు చూసుకోవాల్సినవి: వైర్ల గొట్టం, వేగం కొలిచే పీటో గొట్టం, ఆటోపైలట్ సర్వో బ్రాకెట్, కొస దీపాల తీగలు, ఐలరాన్‌ను కదిలించే బెల్‌క్రాంక్ బోల్టులు. ఏఎన్3 బోల్టుకు 20 నుంచి 25 అంగుళ-పౌన్ల బిగుతు, అది కూడా సెల్ఫ్-లాకింగ్ నట్ స్వయంగా తిరగడానికి తీసుకునే బలం కలిపి. బిగించినదానికి ఎర్రటి గీత పెట్టండి.

కింది రేకు కొట్టేటప్పుడే రెండో మనిషి కావాలి. సన్నటి, పొడవైన చేతులున్నవాళ్లయితే మేలు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, మిగతా రేకును చాపలా పైకెత్తి పట్టుకుంటూ, ఒక్కో రిబ్బు వరుస పూర్తి చేసుకుంటూ ముందుకు సాగండి. బకింగ్ బార్ ఉన్నవాళ్లు "సరే" అని సంకేతమిచ్చాకే గన్ మోగాలి. ఇద్దరికీ చెవి రక్షణ ఉండాలి, మాటలు వినిపించవు కాబట్టి, రేకు మీద తట్టే సంకేతాలు ముందే నిర్ణయించుకోండి. ఒక్క పూటలో పూర్తి చేయాలని పెట్టుకోకండి. చివరి ఇరవై రివెట్లు అలసటలో కొట్టేవే చెడతాయి.

వెనక స్పార్‌ను ఫ్యూజిలాజ్‌కు (విమానం మొండేనికి) కలిపే 5/16 అంగుళం బెజ్జాన్ని ఇప్పుడు తాకకండి. రెక్కలు విమానానికి ఎక్కి, వాలు, ముందువెనకలు కొలిచాకే అది తొలవాలి. స్పార్‌లోనూ, ఫ్యూజిలాజ్ ఫిట్టింగ్‌లోనూ అన్నివైపులా 5/8 అంగుళం అంచు మిగలాలి. అప్పటిదాకా రెక్కలను ముందంచు కిందికి ఉండేలా, పాత తివాచీ పట్టీలు వేలాడే చెక్క ఊయలలో నిలబెట్టండి. ట్యాంకు వెంట్లకు, పీటో గొట్టానికి మూతలు పెట్టండి. మట్టిగూళ్లు కట్టే కందిరీగలు టెక్సస్‌లో వారం రోజుల్లో వాటిని మూసేస్తాయి.